పెళ్ళి గుర్రమని నవ్వితే నవ్వనివ్వండి

గుర్రాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ విశాఖపట్నం నుంచే వచ్చాయి.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. చిన్నప్పుడు బీచ్‌లో గుర్రం ఎక్కించిన పాపానికి ఆ పిచ్చి పట్టుకుంది, ఇప్పుడు పద్ధతిగా నేర్చుకుంటోంది. నిరుడు కిందామీదా పడి ఒక ఆడగుర్రాన్ని కొన్నాం. తల్లి సౌరాష్ట్ర జాతి కాఠియావాడీ, తండ్రి పందెపు గుర్రాల జాతి థరోబ్రెడ్ అని చెప్పి అమ్మారు. మా పిల్ల మాట బాగా వింటుంది. ఇప్పుడు దాంతో డ్రెస్సేజ్ పోటీకి వెళ్తానంటే నేర్పే చోట పెద్ద పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఒకటే నవ్వు. ‘చెవులు చూడు, అచ్చం పెళ్ళి గుర్రం. డ్రెస్సేజ్‌కి యూరప్ వార్మ్‌బ్లడ్ జాతి గుర్రం ఉండాలి, సంకర జాతిని తీసుకెళ్తే జడ్జి చూడగానే మార్కులు కోసేస్తాడు’ అంటున్నారు. ఇంకో గుర్రం కొనే స్తోమత మాకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పండి. - పేరు వద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, వాళ్ళ మాటల్లో ఒక పాలు నిజం ఉంది, మూడు పాళ్ళు డాబు ఉంది. రెండూ విడదీసి చెబుతాను.

డ్రెస్సేజ్ చూడని పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరి (చిన్న పోటీలకైతే పొడవు 40 చాలు), చుట్టూ అక్షరాల బోర్డులు. ఏ అక్షరం దగ్గర ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, దాన్నే టెస్టు అంటారు. గుర్రం నడకలో, ట్రాట్ అనే చిన్న పరుగులో, కాంటర్ అనే నెమ్మది దౌడులో గుండ్రాలు తిరగాలి, మలుపులు తిరగాలి, చెప్పిన చోట కదలకుండా ఆగాలి. ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా మార్కులు, అర మార్కులు కూడా వేస్తారు. 6 వస్తే సంతృప్తికరం, 8 వస్తే బాగుంది అని లెక్క. ఆ మార్కుల కాగితంలో జాతికి ఒక్క మార్కు కూడా లేదు. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ నిబంధనల్లోనూ ఫలానా జాతి గుర్రమే కావాలని ఎక్కడా లేదు. కాబట్టి ‘చూడగానే కోసేస్తాడు’ అన్నమాట నిబంధన ప్రకారం చెల్లదు.

ఇక ఆ ఒక పాలు నిజం. హనోవేరియన్, ఓల్డెన్‌బర్గ్, డచ్ వార్మ్‌బ్లడ్ లాంటి గుర్రాలను కొన్ని తరాలుగా ఈ పనికే ఏరి ఏరి పెంచుతున్నారు. ట్రాట్‌లో అడుగుకీ అడుగుకీ మధ్య గాల్లో ఒక క్షణం ఆగినట్టు కనిపిస్తాయి, భుజం విచ్చుకుంటుంది, ముందు భాగం వెనక భాగం కన్నా ఎత్తుగా ఉన్నట్టు నడుస్తాయి. మీ గుర్రమూ అలాంటి గుర్రమూ ఒకే టెస్టు ఒకే రకంగా తప్పుల్లేకుండా చేస్తే ట్రాట్ ఉన్న ప్రతి చోటా దానికి 7.5, మీదానికి 6.5 పడొచ్చు. దాన్ని పక్షపాతం అనలేం, ఎందుకంటే నడక నాణ్యత కూడా టెస్టు అడిగే విషయాల్లో ఒకటి. పై స్థాయులకు పోయేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది, దాన్ని దాచి మిమ్మల్ని ఊరించను.

కానీ మీ అమ్మాయి ఇప్పుడు వెళ్తున్నది మొదటి మెట్టుకి. అక్కడ మార్కులు పోయేది చాలామటుకు రౌతు తప్పులకే. లోపలికి వచ్చి మధ్య గీత మీద ఆగాలి కదా, సగం మంది అక్కడే పోగొట్టుకుంటారు: గుర్రం వంకరగా ఆగుతుంది, ఒక వెనక కాలు వెనకే ఉండిపోతుంది, పిల్ల సెల్యూట్ చేసేలోపు రెండడుగులు వెనక్కి వేస్తుంది. చిన్న పోటీల్లో ఉండేది ఒక్క జడ్జి, ఆ మనిషి కూర్చునేది గీతకి ఎదురుగా సీ అనే అక్షరం దగ్గర. అక్కడి నుంచి గుర్రం ఎంత పొడుగ్గా అడుగేసిందో సరిగ్గా తెలియదు గానీ గీత తప్పితే మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 20 మీటర్ల గుండ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతే ఎంత ఖరీదైన గుర్రమైనా 5 దగ్గరే ఆగుతుంది. పగ్గాలు వదిలి మెడ సాచి నడిపించే చోట చాలా టెస్టుల్లో మార్కులు రెట్టింపు చేసి లెక్కేస్తారు, ఆ నడక ఏ జాతి గుర్రానికైనా నేర్పొచ్చు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ నడక ఎలా ఉందో ఇంట్లోవాళ్ళే చూసుకోవచ్చు. పొద్దున్నే ఇసుక ఇంకా తడిగా ఉన్నప్పుడు గుర్రాన్ని తిన్నగా నడిపించి వెనక నుంచి అడుగుజాడలు చూడండి. వెనక డెక్క గుర్తు ముందు డెక్క గుర్తును దాటి పడితే మంచి నడక. వెనకబడితే వీపు బిగిసి ఉంది, లేదా పగ్గాలు గట్టిగా పట్టుకున్నారు.

మీ గుర్రం విషయంలో నాకు నిజంగా అనుమానం ఉన్నది ఒక్కటే, అది అందం సంగతి కాదు. కాఠియావాడీ, రాజస్థాన్ మార్వాడీ రక్తంలో రేవాల్ అనే ఒక నడక వస్తుంది, ఒకే పక్క ముందు కాలూ వెనక కాలూ దాదాపు కలిసి లేస్తాయి. కూర్చున్నవాళ్ళకి కుదుపు ఉండదు, ఎడారిలో రోజంతా ప్రయాణం చేసేవాళ్ళకి వరం లాంటిది. డ్రెస్సేజ్‌లో అదే చిక్కు. ఇక్కడ నడకలో నాలుగు దెబ్బలు విడివిడిగా వినపడాలి, ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా లేచి రెండు దెబ్బలే వినపడాలి. లయ చెడితే జడ్జి జాలి చూపించడు, చూపించకూడదు కూడా. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్క నుంచి వీడియో తీసి కాళ్ళు లెక్కపెట్టండి. ట్రాట్ శుభ్రంగా ఉండి, నడక మాత్రం తొందరపెట్టినప్పుడే చెడుతుంటే భయం లేదు, తొందరపెట్టడం మానేస్తే సరిపోతుంది. నడకా ట్రాటూ రెండూ రేవాల్‌లోకే జారిపోతుంటే మాత్రం ఆ గుర్రాన్ని దూర ప్రయాణపు స్వారీకి, సరదా స్వారీకి ఉంచుకోండి. అలాంటి గుర్రాన్ని డ్రెస్సేజ్‌కి రుద్దడం దానికీ శిక్షే.

రెండోది మెడ. ఈ జాతులకి మెడ నిటారుగా ఉంటుంది, బెదిరితే తల ఇంకా పైకెత్తి వీపు కిందికి వంచేస్తాయి. చాలామంది వెంటనే పగ్గాలు లాగి తల దించుతారు. అలా చేస్తే ఫొటోకి బాగుంటుంది, వీపు మాత్రం అలాగే చచ్చుబడి ఉంటుంది, జడ్జికి అది తెలిసిపోతుంది. పెద్ద గుండ్రాల మీద తిప్పుతూ వెనక కాళ్ళను ముందుకు రప్పిస్తూ మెడను కిందికి, ముందుకు సాచనివ్వాలి. నెలలు పడుతుంది. తండ్రి థరోబ్రెడ్ గనక తొందర గుణం కూడా కొంచెం ఉండొచ్చు, దానికీ మందు అదే.

జడ్జీల కంటికి అలవాటైన రూపం ఒకటి ఉంటుందా అంటే, ఉంటుంది. వాళ్ళూ మనుషులే. రోజంతా ఒకే తరహా పెద్ద గుర్రాలను చూసి చూసి చెవులు లోపలికి వంగిన చిన్న గుర్రం వచ్చేసరికి కొందరి పెన్ను ఒక అర మార్కు వెనక్కి పోతుంది, నేను కాదనను. దానికి మీరు చేయగలిగింది ఒకటే, మార్కుల కాగితంలో పక్కన రాసే వ్యాఖ్యలు దాచిపెట్టుకోవడం. వేర్వేరు పోటీల్లో వేర్వేరు జడ్జీలు ‘వెనక కాళ్ళు ఇంకా రావాలి’ అని రాస్తే అది నిజం, దాని మీద పని చేయండి. ఒక్కరే తక్కువేసి కారణం ఏదీ రాయకపోతే వదిలేయండి.

మీకు ఒక లాభం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మన విశాఖ ఉక్కపోతలో బరువైన విదేశీ గుర్రాలు చల్లబడడానికి చాలా అవస్థ పడతాయి. చల్లటి దేశాల నుంచి వచ్చిన కొన్నింటికి చెమట పట్టడమే ఆగిపోతుంది, అది పెద్ద జబ్బు, అలాంటి గుర్రంతో ఎండాకాలంలో పని చేయించలేరు. మీ గుర్రం తల్లివైపు వాళ్ళు సౌరాష్ట్ర ఎండలో పుట్టి పెరిగినవాళ్ళు. మేలో కూడా తెల్లారకముందే ఓ ముప్పావుగంట హాయిగా పని చేస్తుంది.

ఇక ‘సంకర జాతి’ అని వెక్కిరించేవాళ్ళ సంగతి. వాళ్ళు మొక్కే వార్మ్‌బ్లడ్డే అసలు సిసలు సంకరం. హనోవేరియన్ కథ 1735లో హనోవర్‌నీ ఏలిన బ్రిటన్ రాజు రెండో జార్జ్ జర్మనీలోని సెల్లెలో పెట్టించిన గుర్రపుశాలతో మొదలైంది. అప్పట్లో కావలసింది సైన్యానికి, బండికి, పొలానికి పనికొచ్చే గుర్రం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చేసరికి గిరాకీ పోయింది, అప్పుడు థరోబ్రెడ్, ట్రకేనర్ జాతుల మగగుర్రాలను కలిపి తేలికపాటి స్వారీ గుర్రంగా మార్చుకున్నారు. డచ్ వార్మ్‌బ్లడ్ అంటే గెల్డర్‌లాండ్, గ్రోనింగెన్ ప్రాంతాల పొలం గుర్రాలకు థరోబ్రెడ్ రక్తం ఎక్కించినదే. ఆ డచ్ సంకరంలోంచి వచ్చిన వలెగ్రో 2014 డిసెంబరులో లండన్‌లో సంగీతంతో చేసే టెస్టులో 94.3 శాతం తెచ్చుకుని ప్రపంచ రికార్డు కొట్టింది. మన ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్ళి నెలోర్ పేరుతో అక్కడి మాంసం పరిశ్రమకి ఆధారమైనట్టే, పని పెట్టుకుని దానికి తగ్గట్టు ఏరుకుంటూ పోతే జాతి తయారవుతుంది. మీవాళ్ళు నవ్వుతున్నది సంకరాన్ని చూసి కాదమ్మా, కాగితాలు లేని సంకరాన్ని చూసి.

పోటీకి పంపండి. జూలు శుభ్రంగా జడలు వేయించండి, జీను వీపుకి సరిపోయిందో లేదో చూపించండి. ఈ జాతుల వీపు ఆకారం వేరు, వార్మ్‌బ్లడ్ కోసం కుట్టిన వెడల్పాటి జీను వేస్తే అది ముందుకి జారి భుజాన్ని నొక్కుతుంది, ఆ తర్వాత ‘గుర్రానికి నడక లేదు’ అంటారు.

ప్రశ్న: పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుకి తగ్గట్టు గుర్రం ఉన్న చోటే కాళ్ళు ఎత్తి ఎత్తి ఆడుతుంది. ఒలింపిక్స్‌లో చూపించేదీ అదే కదా? ఒకదానికి పదిహేను వందలు, ఇంకొకదానికి కోట్లా? - గాజువాక పాఠకుడు

జవాబు: మంచి ప్రశ్న, చాలామందికి ఉన్న అనుమానమే. ఉన్న చోటే ట్రాట్ చేసినట్టు కదలడాన్ని డ్రెస్సేజ్‌లో పియాఫ్ అంటారు. ఈసారి పెళ్ళిలో గుర్రం ముందు కాళ్ళు చూడకండి, వెనక్కి వెళ్ళి తోక కింది భాగం చూడండి. పియాఫ్‌లో వెనక భాగం కిందికి దిగి బరువు మోస్తుంది, మూల మూల కాళ్ళు జంటగా లేస్తాయి, వీపు మెత్తగా ఉంటుంది, నోరు నిశ్శబ్దంగా ఉంటుంది. ఊరేగింపు గుర్రంలో చాలావాటికి వెనక భాగం పైకి లేచి, తల ఆకాశంలోకి పోయి, కళ్ళెం నోట్లో గుచ్చుకుని ఉంటుంది. టపాసుల మధ్య, జనరేటర్ లైట్ల మధ్య ఆ టెన్షన్‌తోనే అది గెంతుతుంది.

అయితే అది గుర్రం తప్పు కాదు, నేర్పినవాళ్ళ పద్ధతి. ఆ గుర్రాల్లో ఎక్కువ మార్వాడీ పోలికవే, వెనక భాగం మీద బరువు వేసుకుని కాళ్ళు ఎత్తే గుణం వాటికి పుట్టుకతోనే ఉంది. నన్నడిగితే ‘పెళ్ళి గుర్రం’ అనే మాట డ్రెస్సేజ్ శిక్షకుడి నోట తిట్టుగా రావడం విడ్డూరం. పియాఫ్ నేర్పడానికి ఏళ్ళ తరబడి చెమటోడ్చే మనుషులు ఆ గుణం తేరగా దొరికిన గుర్రాన్ని చూసి నవ్వడమేమిటో నాకు అర్థం కాదు.

ప్రశ్న: 2023 ఆసియా క్రీడల్లో మనవాళ్ళు డ్రెస్సేజ్‌లో స్వర్ణం గెలిచారు. కానీ గుర్రాలన్నీ విదేశీవే. మన మార్వాడీ గుర్రంతో ఒలింపిక్స్‌కి ఎందుకు వెళ్ళకూడదు? - ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి

జవాబు: హాంగ్‌జౌలో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా జట్టుగా గెలిచారు. గుర్రపు స్వారీలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత మనకి వచ్చిన స్వర్ణం అదే. అనుష్ వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చాడు, 2024లో పారిస్ వెళ్ళి ఒలింపిక్ డ్రెస్సేజ్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. గుర్రాలు అక్కడివే ఎందుకంటే వాళ్ళు యూరప్‌లోనే ఉండి సాధన చేశారు. గుర్రాల రోగాల నిబంధనల వల్ల ఇక్కడి గుర్రాన్ని నేరుగా యూరప్ పోటీలకు తీసుకెళ్ళడం ఏళ్ళుగా దాదాపు కుదరని పని. 2025లో మీరట్ కంటోన్మెంట్‌లోని సైనిక పశువైద్య కేంద్రానికి రోగాలు లేని చోటుగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది, ఆ తలుపు ఇప్పుడిప్పుడే కొంచెం తెరుచుకుంటోంది.

గుర్రం సంగతికొస్తే, వార్మ్‌బ్లడ్ కానిది గెలవదు అనేవాళ్ళకి 1960 రోమ్ గుర్తు చేయండి. సోవియట్ రౌతు సెర్గీ ఫిలాతోవ్ అబ్సెంట్ అనే నల్ల గుర్రం మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. అది అఖాల్ టెకె, తుర్క్‌మెనిస్తాన్ ఎడారి జాతి. గాలివాటానికి కూడా కాదు, అదే గుర్రం 1964లో టోక్యోలో అదే రౌతుతో కాంస్యం, 1968లో మెక్సికోలో ఇవాన్ కలితాతో జట్టు రజతం తెచ్చింది. 1976 మాంట్రియల్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులో హిల్డా గర్నీ గుర్రం కీన్ థరోబ్రెడ్, ఆమె దాన్ని వెయ్యి డాలర్లకి కొంది. ఇంకా ముచ్చటైనది సెల్డమ్ సీన్: కనెమారా పోనీకీ థరోబ్రెడ్‌కీ పుట్టిన సంకరం, ఎత్తు 14.2 హ్యాండ్స్, అంటే సుమారు 147 సెంటీమీటర్లు, మన కాఠియావాడీ ఎత్తే. లెండన్ గ్రే దాన్ని అమెరికాలో గ్రాండ్ ప్రీ అనే అన్నిటికన్నా పై స్థాయి దాకా తీసుకెళ్ళింది.

స్పెయిన్‌వాళ్ళ దారి మనకి ఎక్కువ పనికొస్తుంది. వాళ్ళ సొంత జాతి గుర్రానికి పియాఫ్ అద్భుతం, కాళ్ళు సాచే ట్రాట్ తక్కువ, మనవాటిలాగే. ఒకప్పుడు వాటినీ సర్కస్ గుర్రాలన్నారు. 1996 అట్లాంటాలో ఇగ్నాసియో రాంబ్లా ఎవెంతో అనే స్పానిష్ గుర్రంతో వెళ్ళాడు. 2004 ఏథెన్స్‌లో రజతం గెలిచిన స్పెయిన్ జట్టులో రాఫెల్ సోతో ఎక్కిన ఇన్వాసోర్ ఆ జాతిదే. 2010లో కెంటకీ ప్రపంచ పోటీల్లో ఫ్యూగో అనే ఆ జాతి తెల్ల గుర్రం ఆడిన తీరుకి స్టేడియం ఊగిపోయింది, వేసిన మార్కులు చాలలేదని జనం జడ్జీల మీద గోల చేశారు. పోర్చుగల్ లుసితానో గుర్రాలు కూడా అలాగే ఒలింపిక్ బరిలోకి వచ్చాయి.

మనకి కావలసింది అదే ఓపిక. గ్రాండ్ ప్రీ టెస్టుకి గుర్రానికి కనీసం 8 ఏళ్ళు నిండాలి, అక్కడిదాకా రావడానికి రోజూ తెలిసిన చేతుల్లో పని జరగాలి. మన దగ్గర మంచి మార్వాడీ పిల్ల పుడితే ప్రదర్శనకి, పెళ్ళికి, ఫామ్‌హౌస్‌కి పోతుంది. మంచి రౌతుకి డబ్బు దొరికితే విదేశీ గుర్రం కొంటాడు, అతన్నీ తప్పు పట్టను, అతని వయసు ఆగదు కదా. ఇద్దరూ ఒక చోట కలవడం లేదు. పారిస్ స్థాయి పోటీలో మార్వాడీని త్వరలో చూస్తామని నేననుకోను, జాతీయ పోటీల మధ్య స్థాయుల్లో మాత్రం ఇప్పుడే పెట్టొచ్చు.

ప్రశ్న: మధురవాడలో ఒకాయన గుర్రం చూపించి ‘వార్మ్‌బ్లడ్ క్రాస్, డ్రెస్సేజ్ రక్తం’ అని మామూలు ధరకి మూడింతలు చెబుతున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: రక్తానికి కాగితం అడగండి. మాటలు కోటలు దాటుతాయి. 2009 జులై తర్వాత యూరోపియన్ యూనియన్‌లో పుట్టిన గుర్రానికి మెడలో మైక్రోచిప్, చేతిలో పాస్‌పోర్టు తప్పనిసరి. ఇక్కడ పుట్టిన సంకరమైతే కనీసం తండ్రి గుర్రం కాగితాలు చూపించాలి, జూలు వెంట్రుకల కుదుళ్ళతో డీఎన్‌ఏ పరీక్ష చేసి తండ్రి అవునో కాదో తేల్చొచ్చు. పరీక్షకి ఒప్పుకోకపోతే అది మామూలు గుర్రమే అనుకుని మామూలు ధర చెప్పండి. గ్లాండర్స్ లేదన్న సర్టిఫికెట్ మాత్రం ఏ జాతికైనా, ఏ ధరకైనా వదలొద్దు, ఆ రోగం మనుషులకీ అంటుతుంది. పశువైద్యుడితో కాళ్ళు చూపించండి. కాళ్ళు బాగుండి, లయ బాగుండి, మీ పిల్లలు ఎక్కితే బెదరకుండా ఉంటే రక్తం ఎవరిదైనా కొనుక్కోండి. ఆ మూడూ లేకపోతే హనోవర్ నుంచి విమానంలో దిగినా వద్దు.

ప్రశ్న: మా మామయ్య ‘గుర్రమే ఎందుకు, కంచర గాడిదని తీసుకెళ్ళండి’ అని ఎగతాళి చేస్తున్నాడు. ఏం చెప్పాలి? - భీమిలి నుంచి తొమ్మిదో తరగతి పాఠకురాలు

జవాబు: తీసుకెళ్ళారని చెప్పు తల్లీ. బ్రిటన్‌లో వాలెస్ అనే కంచర గాడిద కోసం 2018లో అక్కడి డ్రెస్సేజ్ సంఘం నిబంధన మార్చి దాన్ని పోటీలోకి రానిచ్చింది. అమెరికాలో అంతకుముందే రానిచ్చారు. ఇంకా నవ్వితే మీ మామయ్యని ఒకసారి గుర్రం ఎక్కి 20 మీటర్ల గుండ్రం తిప్పి చూపించమను.